వేపమండ వెనక ఇంగ్లీషు పరీక్ష

మా కాలేజీలో పిల్లల్ని ప్రపంచానికి సిద్ధం చేసే పని టై కట్టడంతో మొదలైంది. విశాఖపట్నం నుంచి ఒక ట్రైనర్‌ని రప్పించారు. ఆయన అట్టపెట్టె నిండా ముదురు నీలం టైలు తెచ్చాడు. అవి క్లాసందరికీ చాలలేదు. ముందు వరుస వాళ్ళు కట్టుకుని, అద్దంలో చూసుకుని, విప్పి వెనక వరుసకి అందించాలి. మెడకి బిగించిన ఆ గుడ్డతో మా కుర్రాళ్ళు సంతలో కట్టేసిన మేకల్లా బిక్కుబిక్కుమంటూ నిలబడేవారు. ఆడపిల్లలకి టై అవసరం లేదని ట్రైనర్ పెద్దమనసుతో మినహాయించాడు. వాళ్ళకి నవ్వడం నేర్పాడు. పై పళ్ళు కనిపించాలట, చిగుళ్ళు కనిపించకూడదట.

నేను అరకు లోయలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ చెబుతాను. పుట్టింది కురుపాం వైపు. మా నాన్న మిషన్ బడిలో మేష్టారు. ఆయన దగ్గర నాకు చదువు కొంచెం, నోరు ఎక్కువ వచ్చాయి. ఆ నోటి వల్లే స్టాఫ్ మీటింగుల్లో నన్ను తలుపు దగ్గర కుర్చీలో కూర్చోబెడతారు. బేగి లేచి వెళ్ళిపోతానని ఆశ కాబోలు.

ట్రైనర్ క్లాసుల్లో నాకు బాగా గుర్తున్నది కాఫీ క్లాసు. విదేశాల్లో కాఫీ షాపులోకి ఎలా వెళ్ళాలి, ఏ కాఫీని ఏమని అడగాలి, కప్పు ఎలా పట్టుకోవాలి అన్నది ఆ రోజు పాఠం. మా పిల్లల్లో సగం మందికి ఇంటి వెనక వాలులో కాఫీ మొక్కలున్నాయి. పండు కోసి, తొక్క తీసి, కడిగి, ఎండబోసి, వాన వస్తే పరుగెత్తి ఎత్తుకునే పిల్లలు వాళ్ళు. వాళ్ళ చేతుల్లో ఖాళీ పేపరు కప్పులు పెట్టి, ఊదుకుని తాగినట్టు నటించమన్నాడు. పాపం, నటించారు. ఒకడు మాత్రం ఇందులో కాఫీ ఎప్పుడు పోస్తారు సార్ అని అడిగితే, వాడికి యాటిట్యూడ్ ప్రాబ్లం ఉందని రాసుకున్నాడు.

ఈ తమాషా అంతటికీ సూత్రధారి మా ప్రిన్సిపాల్. ఆయన నోట్లో గ్లోబల్ అన్న మాట వక్కపొడిలా ఎప్పుడూ నలుగుతూనే ఉంటుంది. మంచినీళ్ళ కుళాయి బాగు చేయించమంటే గ్లోబల్ స్టాండర్డ్స్‌లో చేయిస్తానంటాడు. చేయించడు. కానీ ఒక గది మాత్రం కట్టించాడు. అద్దం తలుపు, ఏసీ, కొత్త కంప్యూటర్లు, దాని కోసమే వేయించిన ఇంటర్నెట్ లైను. గ్లోబల్ కెరీర్ సెంటర్ అని బంగారు రంగు అక్షరాలు. అద్దానికి ముక్కు ఆనించి పిల్లలు లోపలికి చూసుకునేవారు. ప్రారంభోత్సవానికి ఒక పెద్దాయన రావాలి. ఆయన వస్తానన్న ప్రతిసారీ ఏదో అడ్డం వచ్చేది. అందుకని ఎర్ర రిబ్బను కట్టేసి, తాళం వేసి ఉంచారు. రిబ్బను మీద దుమ్ము పేరుకుంటే అటెండరు దులిపేవాడు. అంత శ్రద్ధ లోపలి కంప్యూటర్లకి దక్కలేదు.

ఇక ఆ పిల్ల సంగతి. డుంబ్రిగుడ అవతల కొండవాలు ఊరు. తల్లీ తండ్రీ పొలం, కాఫీ తోట, అడవి అంటూ పొద్దంతా బయటే ఉంటారు. ఇంట్లో ఉండేది నాయనమ్మ. పిల్లకి మాట తక్కువ, పని ఎక్కువ. ఆఖరి ఏడాది ప్రాజెక్టుకి తమ ఊరి కాఫీ రైతుల కోసం ఒక చిన్న సిస్టమ్ తయారుచేసింది. ఎవరు ఎంత పండు తెచ్చారో ఫోన్లో ఎక్కించే ఏర్పాటు. అందరూ చేసేదే. కానీ వాళ్ళ ఊళ్ళో పిల్లలకి పుట్టిన వారాన్ని బట్టి పేరు పెడతారు. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్న మనుషులు గడపకొకరు తేలతారు. పేరుతో వెతికితే ఒకళ్ళ పండు ఇంకొకళ్ళ ఖాతాలో పడుతుంది. ఊళ్ళో వాళ్ళు మాత్రం ఎన్నడూ పొరబడరు, రాయి దగ్గరి ఇంటామె, పనస కింది ఇంటామె అని చోటు పెట్టి పిలుచుకుంటారు. ఆ పిల్ల తన సిస్టమ్‌ని సరిగ్గా ఆ పిలుపుల మీదే కట్టింది. నేను ఎన్నో ఏళ్ళుగా దిద్దుతున్న ప్రాజెక్టుల్లో, ఎక్కడి నుంచో దించుకోకుండా చేసినది అదొక్కటే అనిపించి చాలా సంతోషపడ్డాను.

దాని గురించే రాసి ఒక విదేశీ యూనివర్సిటీలో పీజీకి అప్లై చేసింది. ఆ వ్యాసాన్ని ట్రైనర్ ముందు చూశాడు. పేర్ల గొడవంతా కొట్టేసి, చిన్నప్పటి నుంచీ నాకు టెక్నాలజీ అంటే ప్రాణం అన్న వాక్యంతో మొదలుపెట్టి కొత్తది రాసిచ్చాడు. చిన్నప్పుడు ఆ పిల్ల ఊళ్ళో కరెంటే లేదు. ఆ కాగితం నాకు చూపించి ఏం చెయ్యమంటారు మేడం అని అడిగింది. నేను చింపేశాను. పాత వ్యాసమే పంపింది. సీటు ఇస్తామని జవాబొచ్చింది, పూర్తి ఫీజు మినహాయింపుతో. ఒకటే షరతు. గడువులోగా ఇంగ్లీషు పరీక్షలో తగినన్ని మార్కులు చూపించాలి. చూపించలేకపోతే సీటు వెయిటింగ్‌లో ఉన్న వేరొకరికి పోతుంది.

విశాఖపట్నం సెంటర్లో గడువులోపు తారీఖులు ఖాళీ లేవు. మిగిలింది ఇంటి దగ్గర కంప్యూటర్లో రాసే పద్ధతి. ఎక్కడో కూర్చున్న మనిషి కెమెరాలోంచి కనిపెట్టి చూస్తుంటాడు. దానికి నిశ్శబ్దమైన గది కావాలి, తెగిపోని ఇంటర్నెట్ కావాలి. రెండూ ఉన్న గది లోయ మొత్తానికి మా కాలేజీలోనే ఉందని నాకు తెలుసు. ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళి ఒక్క పూట తాళం ఇప్పించమన్నాను. ఆయన నా వైపు చిన్నపిల్లని చూసినట్టు చూశాడు.

"రిబ్బన్ కట్టేశాం కదా మేడం," అన్నాడు.

రిబ్బన్ కింద నుంచి దూరి వెళ్తుందండీ, సన్నటి పిల్లే, అన్నాను. ఆయనకి నవ్వు రాలేదు. పెద్దాయన కన్నా ముందు ఎవరైనా అడుగు పెడితే ప్రారంభానికి అర్థమేముంటుందని నన్నే అడిగాడు. కాలేజీకి పిల్లలు వచ్చే ముందే ప్రిన్సిపాల్ వచ్చాడు కదా, మరి దానికేం అర్థం ఉందని అడగాలనుకున్నాను. తాళం కావలసింది నాకు కనక నోరు మూసుకున్నాను. తాళం ఎలాగూ ఇవ్వలేదు. మూసుకున్న నోరు దండగైంది.

చివరికి ఆ పిల్ల ఇంటి దగ్గరే రాయడానికి నిశ్చయించుకుంది. వాళ్ళ ఊరి పైన కొండ మీద కొత్తగా టవర్ లేచింది, సిగ్నల్ కాలేజీలో కన్నా బాగుంది. నా లాప్‌టాప్ ఇచ్చాను. పరీక్ష రోజున నాకు క్లాసులున్నాయి, వెళ్ళలేకపోయాను. మధ్యాహ్నం ఆ పిల్ల నుంచి ఫోనొచ్చింది. గొంతులో ఏడుపు లేదు, అదే నన్ను భయపెట్టింది. పరీక్ష రద్దయిపోయింది మేడం అంది.

జరిగింది ఇది. తలుపు వేసుకుని సగం పైగా రాసేసింది. అంతలో డుంబ్రిగుడ సంత నుంచి వస్తూ వాళ్ళ పెద్దయ్య, అంటే నాన్నకి అన్న, ఇంటి ముందు ఆగాడు. ఏటి గుంటా, ఇంట్లో ఉన్నావా అని పిలిచాడు. ఆ కొండల్లో పిలిచిన మనిషికి పలకకపోవడమన్నది ఉండదు. వండుతున్నా, జ్వరంతో పడుకున్నా, మొగుడూ పెళ్ళాలు తిట్టుకుంటున్నా, బయటి పిలుపుకి లోపలి నుంచి జవాబు వెళ్ళాలి. వెళ్ళకపోతే లోపల ఏదో కీడు జరిగిందని అర్థం. పిలిచినవాడు తలుపు తోసుకుని వస్తాడు, వెనకాల ఊరంతా వస్తుంది. ఆ పిల్ల ఆలోచించను కూడా లేదు. తల తిప్పకుండానే, ఉన్నాను పెద్దయ్యా, పరీచ్చ రాత్తన్నాను, కూకో అనేసింది. పరీక్ష అడిగిన ప్రశ్నలకి తప్ప ఇంకెవరితోనూ నోరు విప్పకూడదన్నది నిబంధన. తెర మూసుకుపోయింది. బయట ఆ పెద్దయ్య, అంతా సవ్యంగా ఉందనుకుని, పిల్ల వచ్చేదాకా అలాగే రాయి మీద కూర్చున్నాడట.

మర్నాడు స్టాఫ్ రూములో ట్రైనర్ ఈ సంగతి విని తల అడ్డంగా ఊపాడు. ఎంత ట్రైనింగ్ ఇచ్చినా ఈ ట్రైబల్ మెంటాలిటీ మారదండీ, డిసిప్లిన్ రక్తంలో ఉండాలి అన్నాడు. ఆ నిబంధన గురించి పిల్లలకి మీరేమైనా చెప్పారా అని అడిగాను. ఏ నిబంధన అన్నాడు. ఆ పరీక్ష ఎలా జరుగుతుందో కూడా ఆయనకి తెలియదు. టై ముడికి ఒక పూట, కప్పు పట్టుకోవడానికి ఒక పూట. ఆ పిల్ల జీవితాన్ని తేల్చే రెండు గంటల గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. నాకు ఆ క్షణంలో ఆయన మీద కోపం కూడా రాలేదు. అసహ్యం వేసింది. టీ గ్లాసు ఆయన ముందున్న కాగితాల మీద పెట్టేసి వచ్చేశాను. మరక పడాలనే పెట్టాను.

ఆ రాత్రంతా నిబంధనల పుస్తకం మొత్తం చదివాను. బయట ఎన్ని శబ్దాలైనా వినిపించవచ్చు, వాళ్ళకి పట్టింపు లేదు. రాసేవాళ్ళు నోరు విప్పకూడదు, చూపు తిప్పకూడదు, గదిలోకి ఎవరూ రాకూడదు. పరీక్ష నడిపేవాళ్ళకి ఉత్తరం మీద ఉత్తరం రాశాను. రద్దు రద్దేనన్నారు. మళ్ళీ రాసుకోవచ్చన్నారు. గడువుకి ముందు దొరికింది ఒక్క తారీఖు. ఇది పోతే ఇక లేదు.

వాళ్ళ ఊరు వెళ్ళి ఈ మాట చెప్పాను. ఎవరైనా పిలిస్తే పలక్కుండా ఉండటం తన వల్ల కాదంది పిల్ల. నోటికి అదే వచ్చేస్తుందట. సరే, ఊళ్ళో అందరికీ ఆ పూట పిలవొద్దని చెబుదామన్నాను. దానికి నాయనమ్మ నవ్వింది. పిలవొద్దని చెబితే ఎందుకో కనుక్కుందామని ఇంకా నలుగురు వస్తారట.

"అమ్మవారు పోసినోల ఇంటికాడ ఎవులూ పిలవరు, మేడమమ్మా," అందామె చివరికి.

అర్థం కావడానికి నాకు కాసేపు పట్టింది. ఇంట్లో ఎవరికైనా అమ్మవారు పోస్తే, అంటే ఆటలమ్మ వస్తే, గుమ్మానికీ దారికీ వేపమండ కడతారు. మండ కట్టిన ఇంటి ముందు ఆగరు, మాట్లాడరు, చుట్టూ తిరిగి పోతారు. పిలుపు లేకపోతే పలకాల్సిన పనీ లేదు. కానీ అమ్మ రానిదే మండ కట్టడం అమ్మతో ఆటలాడటమే. ఆ మాట చెబుతున్నప్పుడు ముసలామె రెండు చెంపలూ వేసుకుంది. నేను చర్చికి వెళ్ళే మనిషిని, నాకు ఆ భయం లేదు. కానీ మనవరాలి కోసం ఆమె పణంగా పెడుతున్నది ఎంత పెద్దదో నాకు తెలిసింది. కాలేజీలో ఉన్న మేమందరం కలిసి ఆ పిల్ల కోసం అందులో గోరంత కూడా పెట్టలేదు.

ముందు రోజు ఆమె ఊరి చివర అమ్మవారి రాయి దగ్గరికి వెళ్ళి పసుపునీళ్ళు పోసి వచ్చింది. అమ్మవారేమందమ్మా అని అడిగాను. ఊఁ అననేదు, కాదనీ అననేదు, కట్టేత్తాను అంది. ఆ ఎత్తులో వేప తక్కువ. కాలేజీ వెనక ఒక చెట్టుంటే మండలు విరిచి నేనే పట్టుకెళ్ళాను. ఆ పరీక్షకి మా కాలేజీ చేసిన సాయం అదొక్కటే.

పరీక్ష రోజు పొద్దున్నే గుమ్మానికి మండలు కట్టారు. దారి మొదట్లో రెండు కర్రలు పాతి వాటి మధ్య అడ్డంగా ఇంకొన్ని కట్టారు. పిల్ల లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. నాయనమ్మ తలుపుకి వీపు ఆనించి కూర్చుంది. నేను వసారాలో కూర్చున్నాను. ఊరు ఊరంతా పక్క దారిన తిరిగి వెళ్ళింది. కట్టెలమోపులతో వస్తున్న ఆడవాళ్ళు మండలు చూడగానే మాట ఆపి, మోపులు సర్దుకుని, రాళ్ళ మీదుగా కిందికి దిగిపోయారు. పెద్దయ్య దూరం నుంచి చేతులు జోడించి వెళ్ళిపోయాడు. అంత నిశ్శబ్దం ఏసీ గదిలో కూడా దొరకదు అనుకున్నాను.

అప్పుడు కారు చప్పుడు వినిపించింది.

దిగింది మా ప్రిన్సిపాల్, వెనక ట్రైనర్, ఆ వెనక మెడలో కెమెరాతో ఒకడు. అడ్మిషన్ల సీజను దగ్గర పడింది. కాలేజీ గేటు మీద ఫ్లెక్సీ కట్టాలి, అందులో గ్లోబల్ పరీక్ష రాస్తున్న గిరిజన విద్యార్థిని ఫోటో కావాలి. ఆ పిల్ల ఎక్కడ రాస్తోందో స్టాఫ్ రూములో ఎవరో చెప్పారట. ముగ్గురూ దారి మొదట్లో మండల దగ్గరికి వచ్చి ఆగిపోయారు. ప్రిన్సిపాల్ జేబులోంచి మాస్కు తీసి మూతికి తగిలించుకున్నాడు. ట్రైనర్ ఆయన వెనక్కి జరిగాడు. కెమెరావాడు ఇద్దరి వెనక్కీ జరిగాడు. ప్రపంచమంతా చుట్టి రమ్మని పిల్లలకి చెప్పే మనుషులు వేపాకు దాటి రాలేకపోయారు. పోనీ వెనక్కి వెళ్ళారా అంటే అదీ లేదు. అక్కడే నిలబడి, మాస్కు కొంచెం కిందికి లాగి, ప్రిన్సిపాల్ ఆ పిల్లని పేరు పెట్టి పిలిచాడు.

కొండవాలు కదా, పిలుపు ఇంటింటికీ తగిలింది. తలుపు అవతల నుంచి జవాబు వస్తుందనే అనుకున్నాను. నాయనమ్మ తలుపుని అరచేత్తో అదిమి పట్టుకుంది, లోపలి మాటని ఆ చేత్తోనే ఆపేలా. ఆయన మళ్ళీ పిలిచాడు. ఒక్కసారి బయటికి రామ్మా, ఫోటో తీసుకుని పోతాం అని అరిచాడు. మళ్ళీ పిలిచాడు. లోపలి నుంచి మాట రాలేదు.

నేను లేచి గబగబా వాళ్ళ దగ్గరికి నడిచాను. ఎవరికి మేడం అమ్మవారు, నాకసలే షుగరుంది అన్నాడు ప్రిన్సిపాల్. ఇంట్లో అందరికీ అన్నాను. నాకు కూడా పొద్దుట్నించీ ఒళ్ళు వెచ్చగా ఉంది, చూడండి అని చెయ్యి చాపాను. చర్చిలో ఎంత ప్రార్థించినా రాని ఆనందం ఆ అబద్ధంలో వచ్చింది. వాళ్ళు కారెక్కడం చూడాలి. ట్రైనర్ డోరులో టై ఇరుక్కుంటే, ఆపకుండానే పోనిచ్చారు.

తర్వాత మార్కులు వచ్చాయి, చాలినన్ని వచ్చాయి. సీటు ఖాయమైంది. గేటు మీద ఫ్లెక్సీ కూడా లేచింది, ఐడీ కార్డు ఫోటో పెద్దది చేసి, పక్కన ప్రిన్సిపాల్, ట్రైనర్ నవ్వుతూ. చిగుళ్ళు కనిపించలేదు. అన్నిసార్లు పిలిస్తే పలకలేదు, ఆ పిల్లకి సంస్కారం లేదు, విదేశాల్లో ఎలా నెగ్గుకొస్తుందో ఏమో అని ఆయన నాతోనే అన్నాడు. అన్నవాడికి జవాబు చెప్పడం నాకు చేతకాక కాదు. ఆయనకి చెప్పడం ఎందుకనిపించింది.

ఇదంతా తర్వాత. ఆ రోజు కారు వెళ్ళిపోయాక మేం మళ్ళీ తలుపు దగ్గర కూర్చున్నాం. ఎండ వసారా మీదికి వచ్చింది. చివరికి నా ఫోనుకి లోపలి నుంచి మెసేజ్ వచ్చింది, అయిపోయింది మేడం అని. నాయనమ్మకి చెప్పాను. ఆమె మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేచి, తలుపు దగ్గర నోరు పెట్టి, గుంటా అని పిలిచింది. జవాబు లేదు. మళ్ళీ పిలిచింది. ఆ ఇంట్లో పుట్టిన దగ్గర్నుంచీ ఒక్క పిలుపుకే పలికిన పిల్ల. ముసలామె నా వైపు చూసిన చూపు నేను తట్టుకోలేకపోయాను. తలుపు తోశాం.

పిల్ల ఆరిపోయిన తెర ముందు నిటారుగా కూర్చుని ఉంది. పెదవులు గట్టిగా బిగించుకుని ఉన్నాయి. మమ్మల్ని చూసింది కానీ నోరు తెరవలేదు. నాయనమ్మ పక్కన చతికిలబడి దాని గడ్డం పట్టుకుంది.

"ఇంక పలకొచ్చే గుంటా. ఎవులూ సూడ్డం నేదు."

పిల్ల పెదవులు విడివడ్డాయి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఎవులో పిలిసినారు మామ్మా. శానాసార్లు పిలిసినారు. నాను పలకనేదు. ఎవులు?"

ముసలామె మనవరాలి మొహం కొంగుతో తుడిచింది.

"మనోలు కాదే," అంది. "ఎవులూ కాదు."